పెరట్లో కొలను దగ్గింది

ఎప్పుడో పోయిన మనిషి ఒకాయన నా పనితనం వల్ల దగ్గాడు. అదీ దీపాలు పెట్టే వేళ, ఇంటిల్లిపాదీ చూస్తుండగా. నవ్వకండి. ఆ సాయంత్రం అక్కడ నవ్వినవాళ్ళెవరూ లేరు.

డెబ్బైల మొదట్లో మాట. మాది రేపల్లె. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చి ఆరు నెలలు, కరెంటు నా కోసమే కనిపెట్టారన్నంత పొగరు. తెనాలిలో పసుపు వ్యాపారం చేసే రంగారావు గారు పెరట్లో ఈతకొలను కట్టిస్తున్నారని విని, దీపాలూ నీళ్ళు తిరిగే ఏర్పాటూ నేను చేస్తానని ఎగబడ్డాను. అంతకుముందు నేను ఈతకొలను చూసింది సినిమాలోనే.

ఆయన కట్టించింది షోకు కోసం కాదు. వాళ్ళమ్మ మాణిక్యమ్మ గారు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు. రెండేళ్ళుగా కుర్చీలోంచి లేవలేదు. నీళ్ళలో నిలబెడితే భయం పోతుందన్నారట డాక్టరు గారు. బాపట్ల సముద్రానికి తీసుకెళ్తే అలని చూసి కళ్ళు మూసుకున్నారట.

"ఇదీ పనిచెయ్యకపోతే మా అమ్మ ఇక లేవదు అబ్బాయ్," అన్నారు రంగారావు గారు.

"నాకొదిలెయ్యండి సార్!" అన్నాను. వదిలేశారు పాపం.

నా ప్లాను వినండి. లోతు వైపు పైపు నీళ్ళని పీలుస్తుంది. పంపు ఆ నీళ్ళని ఇసుక నింపిన డ్రమ్ములోంచి తోస్తుంది. శుభ్రపడ్డ నీళ్ళు మెట్ల పక్క పైపులోంచి మళ్ళీ కొలనులోకే వస్తాయి. ఇక దీపాలు నీటి అడుగున, గోడల్లో, మందపాటి ఆకుపచ్చ అద్దాల వెనక. కంటికి చల్లగా ఉంటుందని నా ఊహ. అన్నీ అయ్యాక, పంపుకి ముందుండే జాయింటు దగ్గర రెంచీ కనబడక, చేత్తోనే బిగించి చేతులు దులుపుకున్నాను. అదేనండీ నేను చేసిన ఘనకార్యం.

మొదటి సాయంత్రం మాణిక్యమ్మ గారిని మోసుకొచ్చి నీళ్ళలో మెట్టు మీద కూర్చోబెట్టారు. దీపాల స్విచ్చి వేశాను. వెలుతురు కిందినుంచి పైకి లేచింది. అందరి మొహాలూ పచ్చగా పాలిపోయి, కళ్ళున్న చోట గుంటలు పడ్డాయి. ఓల్టేజి పడుతూ లేస్తూ ఉండటంతో కొలను ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది.

"ఏవండీ, మీరు బానే ఉన్నారా?" అన్నారు కోడలు సరోజిని గారు భర్తని చూసి.

"నాకేం? నువ్వే అదోలా ఉన్నావు."

"పంపు వేస్తున్నానండి," అన్నాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్ళ లోపల్నుంచి, ఖళ్. ఖళ్. ఖళ్. ఖళ్. ఆ వెనక ఒక పొడుగాటి నిట్టూర్పు.

"నాన్న!" అన్నారు రంగారావు గారు.

ఆ రోజుల్లో ఇంటి పెద్దలు గడప దాటేముందు దగ్గేవారు. అదే కాలింగు బెల్లు. అది వినగానే ఆడవాళ్ళు లేచి పైట సర్దుకునేవారు. రంగారావు గారి నాన్నగారు పోయి మూడేళ్ళు. ఆయన దగ్గు అచ్చం ఇదేనట.

నాకు మాత్రం మెట్ల పక్క పైపు మూతి దగ్గర బుడగలు కనిపించాయి. వదులు జాయింటు గాలి పీలుస్తోంది, ఆ గాలే ఇక్కడ దగ్గుతోంది. సంగతి తెలిసి కూడా ఒళ్ళు జలదరించింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో మాణిక్యమ్మ గారు పైట సర్దుకుని లేచి నిలబడ్డారు. ఎవరూ పట్టుకోలేదు.

"వచ్చారు," అన్నారు మెల్లగా.

రంగారావు గారు పసిపిల్లాడిలా ఏడ్చేశారు. నేను నోరు మూసుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మర్నాడు మధ్యాహ్నం తప్పు దిద్దుకుందామని వెళ్ళి జాయింటుని రెంచీతో గట్టిగా బిగించాను. సాయంత్రం పంపు చప్పుడు చెయ్యకుండా తిరిగింది.

"లే అమ్మా," అన్నారు రంగారావు గారు.

"ఎవరొచ్చారని లేవమంటావురా?"

ఆ మర్నాడు కొలను దగ్గరికే రానన్నారు. నాకు భయమేసింది. ఆవిడ మళ్ళీ కుర్చీకి అతుక్కుపోతే ఆ పాపం నాదే. దొంగలా వెళ్ళి జాయింటు వదులు చేసి పంపు వేశాను. ఖళ్ళుమన్న చప్పుడు ఆవిడ గదిలోకి వినబడింది. "నన్ను తీసుకెళ్ళండర్రా!" అని లోపల్నుంచి కేక.

రెండు నెలల్లో ఆవిడ కొలను నుంచి వంటింటి దాకా తనంతట తాను నడిచారు. ఒకరోజు ఎవరూ లేకుండా చూసి నన్ను పిలిచారు.

"ఆ పైపు ఎక్కడో వదులుగా ఉంది కదూ?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మామ్మగారూ! తెలిసే లేచారా?"

"యాభై ఏళ్ళ అలవాటు నాయనా. పైపు దగ్గినా కాళ్ళు ఆగుతాయా?" అని నా చెవి దగ్గరికి వంగారు. "కానీ ఆయన మూడుసార్లే దగ్గేవారు. నీ పైపు నాలుగు దగ్గుతోంది. ఆ ఒక్కటీ బాగుచేసిపో."

ఆ పంపు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ ఇంట్లోనూ, ఆ ఇంటి మామ్మగారిని అడక్కుండా ఏ జాయింటూ బిగించను.