ఊట దగ్గరే వేయాల్సిన చుక్క

నిజం నిలకడమీద తెలుస్తుందంటారు. ఈ మాట సీసాలాయన ముందు అంటే ఒప్పుకోడు. వేడి ఊటల నీళ్ళు సీసాల్లో పట్టి ప్రయోగశాలకు చేర్చడం ఆయన ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం. అగ్నిపర్వతం కింద సలసలా కాగిన నీళ్ళు రాళ్ళను కరిగించుకుని, ఇనుమునూ దాంతోపాటు పాషాణమనే విషాన్నీ, అంటే ఆర్సెనిక్‌నీ, మోసుకొస్తాయి. గాలి తగిలాక ఇనుము తుప్పుగా మారి, పాషాణాన్ని వెంటేసుకుని సీసా అడుగున కూర్చుంటుంది. పైన నీళ్ళు మాత్రం ఏమీ ఎరగనట్టు తేటగా ఉంటాయి, పరీక్షలో విషం బయటపడదు. అందుకే పట్టిన వెంటనే ఒక చుక్క యాసిడ్ వేయాలి. వేస్తే ఏదీ కిందికి దిగదు.

ఆయన ఒంటినిండా కుళ్ళిన గుడ్ల కంపు. బస్సెక్కితే పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. భార్య ఆయన చొక్కాను గుమ్మం దాటనివ్వదు, ఆయన్ని మాత్రం పోనీలే అని రానిస్తుంది. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు గానీ, ఆ చుక్క విషయంలో పై అధికారి చెప్పినా వినే రకం కాదు.

ఆ రోజు పట్టాల్సింది ఊట దగ్గర అక్క నడిపే గదిలోని కొళాయి నీళ్ళు. అమ్మ పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసిన అక్క. ఊటనీళ్ళు తాగితే కడుపునొప్పి పోతుందని జనం వచ్చే ఆ చిన్న గదే ఆమెకు ముప్పై ఏళ్ళుగా బతుకు. పోయిన నెల పరీక్షలో పాషాణం హద్దు దాటింది. ఈసారీ దాటితే గదికి తాళమే.

సీసా నింపాడు. యాసిడ్ డ్రాపర్ జేబులోనే ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. అబద్ధం చెప్పనక్కర్లేదు, రాయనక్కర్లేదు, చుక్క వేయకపోతే చాలు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు తనమీద తనకు అసహ్యం వేసింది. అయినా మూత బిగించబోయాడు.

గ్లాసులు కడుగుతున్న అక్క చూసింది. "చుక్క వెయ్యలేదేంట్రా?"

"ఇంటికెళ్ళి వేస్తాలే అక్కా."

అన్నం వడ్డిస్తూ తమ్ముడి సీసాల పురాణం వెయ్యిసార్లు విన్న మనిషామె.

"నిన్న ఒకావిడ పసిదానికి ఈ నీళ్ళు పట్టించింది. నేను చూస్తూ ఊరుకున్నా," అంది. "ఇక్కడే వెయ్. ఇంటికెళ్ళేలోపు ఆ నీళ్ళలాగే నువ్వూ పైకి తేటపడిపోతావు."

ఆయన చుక్క వేశాడు. కడిగిన గ్లాసుల్ని ఇక అటకమీద పెట్టేయడానికి అక్క స్టూలు లాక్కుంది.