అప్పలరాజు చదవని ఫారం

2024. యాంగోన్‌లో, ఓడలకు మనుషుల్ని పంపే మ్యానింగ్ ఏజెన్సీలో నేను గుమస్తాని. ఎర్ర సముద్రంలో సరుకు ఓడల మీద క్షిపణులు పడుతున్న రోజులు. ఓడ ఎక్కడుందో అందరికీ తెలియజేసే పరికరాన్ని ఏఐఎస్ అంటారు. అందులో గమ్యం రాసేచోట కొందరు కెప్టెన్లు 'సిబ్బందంతా మయన్మార్ వాళ్లే' అని రాసేవారు. ఈ యుద్ధంతో మాకు సంబంధం లేదని చెప్పుకోవడమన్నమాట. క్షిపణికి చదువొచ్చినట్టు!

అలాంటి చోటికి రానని చెప్పే హక్కు నావికుడికి ఉంది. వస్తానంటే కన్సెంట్ ఫారం మీద, అంటే ఒప్పుకోలు కాగితం మీద, సంతకం పెట్టాలి. మా ఆఫీసులో ఆ ఫారాన్ని ఓడ పేరూ తేదీ లేకుండా కాంట్రాక్టు కట్టలో కలిపేసేవాళ్లం. ఎక్కడ సంతకం పెట్టాలో నేనే వేలితో చూపించేదాన్ని. చదువుకునే వ్యవధి ఇచ్చేదాన్ని కాదు.

ఒక ఉదయం ఊళ్లోనే ఉన్న తామ్వే పేట నుంచి పార్వతి వచ్చింది. తాతల నాడు ఇక్కడికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లం మేం. ఆమె భర్త అప్పలరాజు ఇంజన్ రూములో యంత్రాలకు నూనె వేసే ఆయిలర్. అతని ఓడ సూయజ్ కాలువ ముందు ఆగి ఉంది; అది దాటితే ఎర్ర సముద్రమే.

"అక్కా, ముందుకి ఎల్లనన్నాడట. సంతకం ఎట్టేసినావు కదా అంతన్నాడట కెప్టెను. ఏటి సంతకం అక్కా?"

నేను నోరు తెరిచేలోగా మా మేనేజర్ ఊ తిన్ అందుకున్నాడు. "భయపడకమ్మా. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ ఎవరి పక్షమూ చేరలేదు. ఓడల పక్కల మీద దేశం పేరు పెద్దక్షరాలతో రాసుకుని, దీపాలు వేసుకుని తిరిగారు. మనమూ అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. "వాటిలోనూ కొన్నిటిని ముంచేశారు, ఊ తిన్. మనుషులు పోయారు. మన ట్రైనింగ్ నోట్సులో ఆ ముక్క టైపు చేసింది నేనే."

నన్ను లోపలికి పిలిచాడు. కెప్టెన్ ఫారం అడిగాడట. "తేదీ వేసి, ఓడ పేరు రాసి పంపు," అన్నాడు.

ఖాళీలు ఖాళీలుగానే స్కాన్ చేసి పంపేశాను. అది చెల్లదని కెప్టెన్‌కి తెలుసు. అప్పలరాజుని కాలువ ముందున్న రేవులోనే దింపేశారు. పార్వతి అరటిపళ్లు తెచ్చి నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాగితం మీద అతనిచేత సంతకం పెట్టించిందీ నేనే కదా.

అతని చోటికి ఇన్సేన్ పేట నుంచి ఇంకో తెలుగు ఆయిలర్‌ని పంపాం. ఈసారి ఓడ పేరూ తేదీ రాసి, ఒక్కో మాటా చదివి వినిపించాను. ఇష్టం లేకపోతే మానేయొచ్చని కూడా చెప్పాను.

"నాను ఒల్లనంతే ఇంకోడిని ఎక్కిత్తారు గదమ్మా. పిల్లలకేటి ఎట్టీది?" అని సంతకం పెట్టేశాడు.

హక్కు గురించి చదివి వినిపిస్తే నా పని అయిపోతుందనుకునేదాన్ని. వద్దన్నవాడి ఇంట్లో ఆ నెల పొయ్యి ఎలా వెలుగుతుందో రాసిన ఫారం మా బీరువాలో ఒక్కటీ లేదు.