ఎక్స్‌ప్రెస్సక్క స్ట్రెచరు

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఎక్స్‌ప్రెస్సక్కే. ఇరవై రెండేళ్ళుగా స్ట్రెచరు తోస్తోంది. ఎమర్జెన్సీ తలుపు నుంచి స్కానింగ్ గది దాకా మామూలు మనిషికి ఐదు నిమిషాల నడక. ఆమె రోగితో సహా రెండున్నర నిమిషాల్లో చేరేది. ఏ లిఫ్టు మొరాయిస్తుందో, ఏ మలుపులో నేల జారుతుందో ఆమెకు కొట్టిన పిండి. పక్షవాతం కేసు వచ్చిందంటే ఇక ఆమెను పట్టలేం. ఆలస్యమయ్యే ప్రతి నిమిషమూ మెదడుకు నష్టమేనని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిన మాట బుర్రలో పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళందరినీ నోటితోనే పక్కకు తోసేది. "షికారుకొచ్చావా నాయనా? జరుగు జరుగు!" ఈ విషయంలో పెద్ద డాక్టరుకు కూడా మినహాయింపు లేదు.

ఆ రోజు పొద్దున్న మొదటి రోగిని దించి వచ్చేసరికి ఎనిమిదీ నలభై. తొమ్మిదిన్నరకు రెండో రోగిని తీసుకెళ్తుంటే స్ట్రెచరు ఎడమవైపు గోడకేసి పోవడం మొదలుపెట్టింది. చక్రంలో ఏ దారమో చుట్టుకుందనుకుని ఎలాగో నెట్టుకెళ్ళి రోగిని అప్పజెప్పింది. తర్వాత ఇంకో స్ట్రెచరు తీసుకుంది. అదీ ఎడమకే లాగింది. రెండు బళ్ళు ఒకే పూట ఒకే వైపు ఎలా చెడిపోతాయని వేరెవరైనా ఆలోచించేవారేమో. ఎక్స్‌ప్రెస్సక్క ఇన్నేళ్ళూ అనుమానించింది చక్రాలనే. తనను తాను ఏనాడూ అనుమానించలేదు. నేరుగా వెళ్ళి, మంచాలూ బళ్ళూ బాగుచేసే ఫిట్టరు మీద విరుచుకుపడింది.

"ఏం తమ్ముడూ, ఏం రిపేరయ్యా ఇది? రెండు బళ్ళూ గోడెక్కుతున్నాయి!"

ఆమె చీవాట్లు ఫిట్టరుకు రోజూ ఉండేవే. నవ్వుకుంటూ బండి కింద దూరి నాలుగు చక్రాలూ తిప్పి చూశాడు. తనే పదడుగులు తోశాడు. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది.

"చక్రాలు భేషుగ్గా ఉన్నాయక్కా," అంటూ ఆమె ముఖంలోకి చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది. "అక్కా, ఒకసారి నవ్వు."

"నీ మొహం చూస్తే నవ్వెలా వస్తుంది?" మాట ముద్దగా వచ్చింది. పెదవి ఒక పక్కే కదిలింది.

"రెండు చేతులూ ఎత్తు."

కుడిచెయ్యి లేచింది. ఎడమది సగం లేచి, ఆమె చూస్తుండగానే కిందికి జారిపోయింది. ఎందరికో ఆ పరీక్ష చేస్తుంటే పక్కనే నిలబడి చూసిన మనిషి. ఇది పక్షవాతమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆమెకు చాలా భయం వేసింది.

ఫిట్టరు ఆమెను ఆ బండి మీదే పడుకోబెట్టి పరుగెత్తాడు. "మలుపులో ఒడుపుగా తిప్పు, గోడకి కొట్టకు," అని పడుకునే పాఠం చెప్పిందావిడ.

"చివరిసారి ఎప్పుడు బాగున్నావు?" అంది డాక్టరమ్మ. చాలామంది రోగుల బంధువులు నీళ్ళు నమిలే ప్రశ్న అది.

"ఎనిమిదీ నలభైకమ్మా. అప్పటిదాకా బండి తిన్నగానే పోయింది."

తలలో రక్తం చిందలేదనీ, రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడిందనీ స్కానులో తేలింది. గడ్డను కరిగించే మందు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పదకొండు కాకముందే ఎక్కించారు.

గుటక సరిగ్గా పడుతోందని తేలేదాకా చెంచాడు నీళ్ళయినా తాగనివ్వలేదు. అందుకు ఆమె నర్సుల్ని తిట్టిన తిట్లు విని, మాట బాగానే తిరిగొచ్చిందని డాక్టరమ్మ కేసు షీటులో రాసుకుంది. నడక కూడా వచ్చింది. ఎడమచెయ్యి మాత్రం మొండికేసింది.

తర్వాత మూడు నెలలు ఫిజియోథెరపీ. తువ్వాలు పిండడం, ఖాళీ గ్లాసు ఎత్తి దించడం, గుండీ పెట్టుకోవడం. ఇంట్లో మొగుడు, నోట్లో నాలుక లేని మనిషి, ఆమెకు జడ వెయ్యడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడ బావి తాడులా ఉండేది.

"ఊడిపోతుందని కాస్త బిగించానే," అనేవాడు.

"ఊడేది జడా, తలా?" అనేది.

స్నానానికి ఆయన సాయం పట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం సిగ్గుతో చచ్చిపోయేది. కనబడ్డవాళ్ళందరినీ ఒకటే అడిగేది: "నేను మళ్ళీ బండి తోస్తానా?" అందరూ "చూద్దాం" అనేవాళ్ళు. ఆ మాటంటే ఆమెకు ఒళ్ళు మంట.

చివరికి డాక్టరమ్మ ఒక పరీక్షకు ఒప్పుకుంది. ఎమర్జెన్సీ నుంచి స్కానింగ్ గది దాకా, మనిషి బరువుతో. రోగిగా ఫిట్టరు పడుకున్నాడు. "నిద్రొస్తే లేపకక్కా," అన్నాడు. కారిడారులో అటూ ఇటూ జనం నిలబడ్డారు. మొగుడు చేతిసంచీ గుండెకు హత్తుకుని ఓ పక్కన నించున్నాడు.

ఆమె తోసింది. పరుగు లేదు కానీ తడబాటూ లేదు. మలుపు తిరిగింది, లిఫ్టు దాటింది, ఏటవాలు దిగింది, స్కానింగ్ గది తలుపు చేరింది. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ నవ్వుతూ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకానికి పెన్ను తీసింది.

"పెట్టొద్దమ్మా," అంది ఎక్స్‌ప్రెస్సక్క.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఏటవాల్లో ఎడమచెయ్యి పట్టు వదిలేసింది. నేను వదల్లేదు, అదే వదిలింది."

ఫిట్టరు లేచి కూర్చున్నాడు. "నాకేం తెలీలేదక్కా. ఎవరూ చూళ్ళేదు కూడా."

"నాకు తెలిసిందిగా. బండి చెయ్యి జారితే నువ్వయితే దూకేస్తావు తమ్ముడూ. రేపు దీని మీద పడుకునేవాళ్ళు దూకలేరు."

డాక్టరమ్మ పెన్ను మూసేసింది. మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. మూడు నెలల్లో ఒక్కసారీ ఏడవని ఎక్స్‌ప్రెస్సక్క అప్పుడు, అందరి ముందూ, బావురుమని ఏడ్చింది. "పద, ఇంటికెళ్దాం," అన్నాడాయన. ఆమె తల ఊపింది. కానీ కుడిచెయ్యి ఇంకా బండి పిడిని పట్టుకునే ఉంది.