డైరెక్ట్ ఇచ్చే మెకానిక్

మేడ్చల్‌లో మా కాలనీకి గీజర్లు బాగుచేయడానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. బాగుచేయడం అన్నది నేను మర్యాదకు వాడుతున్న మాట. బోరు నీళ్ల సున్నం కాయిల్‌కు పట్టినా, మరే జబ్బు చేసినా అతని వైద్యం ఒక్కటే. మూత విప్పి, మెడ పక్కకు వంచి లోపలికి చూసి, పాపం అన్నట్టు చప్పరించేవాడు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌ను పీకి అవతల పడేసి, రెండు వైర్లూ కలిపి మెలిపెట్టేవాడు.

“డైరెక్ట్ ఇచ్చిన సార్. ఇగ ఆగుడనేదే లేదు,” అనేవాడు, గుండె ఆపరేషన్ చేసిన డాక్టరులా. నీళ్లు సెగలు కక్కుతూ వచ్చేవి కాబట్టి, అతన్ని మించినవాడు లేడని కాలనీ అంతా నమ్మింది.

నేను ఆఫీసులో ఉండగా మా ఇంట్లోనూ ఆ ఘనకార్యం చేసిపోయాడు. ఆగాల్సినప్పుడు ఆగకపోతే ఎలాగయ్యా అని ఫోన్‌లో అడిగితే, “మస్తు ఇండ్లల్ల గిట్లనే జేసిన. మీరు పరేషాన్ గాకుండ్రి,” అని నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.

మర్నాడు పొద్దున మా పాప స్నానానికి వెళ్లబోతుండగా గీజర్ పైపు ఊడి, మరిగే నీళ్లు బాత్రూమంతా చిమ్మాయి. పిల్ల ఇంకా గుమ్మం ఇవతలే ఉంది కాబట్టి సరిపోయింది.

అతన్ని కడిగేద్దామని శామీర్‌పేటలో ఉన్న అతని ఇంటికి వెళ్లాను. పెరట్లో కట్టెల పొయ్యి మీద, కాగులో స్నానాల నీళ్లు మరుగుతున్నాయి.

“ఊరందరి గీజర్లూ చూస్తావు, నీ ఇంట్లో ఒకటి లేదా?” అన్నాను.

మెడ పక్కకు వంచి, ఈసారి నన్ను చూసి, పాపం అన్నట్టు చప్పరించాడు.

“మా ఇంట్ల పిల్లలున్నరు గద సార్!”