మిల్లు గేటు దాకా వినపడే హారన్

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా అమ్మ కనపడిన వాళ్ళందరికీ చెప్పేది. అబద్ధమేం కాదు. కానీ నా మోటార్‌సైకిల్ హారన్ వింటే ఎంత శాంతమూర్తికైనా ఒళ్ళు మండుతుంది. ఎవరో వాడుకున్న బండిని నేను కొనుక్కున్నాను. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి. హారన్ మాత్రం నొక్కితే 'కీ' అని ఊరుకునేది. కోడిపిల్లను తొక్కితే అంతకంటే గట్టిగా అరుస్తుంది.

ఆ బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. గుంటూరులో ఒక పురుగుమందుల డీలరు దగ్గర పని చేసేవాణ్ణి. ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడి ఆర్డర్లు రాసుకుని రావాలి. మా ఊరు చిలకలూరిపేట రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. కోతల కాలంలో ఆ రోడ్ల మీద బండి నడపడం ఎంత గోలో నడిపినవాడికే తెలుసు. సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. మిగతా సగంలో పత్తి ట్రాక్టరు పోతుంటుంది, పత్తి కుక్కిన గోనె బోరేలు రెండు పక్కలా పొట్టలు వేలాడేసుకుని. డ్రైవరు పక్కన టేపురికార్డరు మోగుతుంటుంది. వెనక ఎవడు చచ్చినా వాడికి తెలియదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో అలాంటివాడొకడు నన్ను రోడ్డు దింపేశాడు. నేను హారన్ నొక్కుతూనే ఉన్నాను, వాడు కుడికి కోస్తూనే ఉన్నాడు. బండితో సహా వెళ్ళి మిరపకాయల్లో పడ్డాను. ఎముకలు విరగలేదు గానీ మోచెయ్యి గీరుకుపోయి, ఆ గీరుడు మీద ఎండు మిరపకాయ ఘాటు తగిలింది. ఓరి నాయనో! పగవాడికి కూడా వద్దు ఆ మంట. కాయల రైతు పరుగెత్తుకుంటూ వస్తుంటే నన్ను లేపడానికే అనుకున్నాను. "ఒరేయ్, కాయలన్నీ తొక్కేశావు కదరా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

ఇంట్లో అమ్మా నేనూ, అంతే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఊరి చివర పత్తి మిల్లులో ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది. పత్తి నుంచి గింజ వేరు చేసే మిషన్లు వరసగా ఉంటాయి. వాటి ముందు నిలబడి పత్తి అందిస్తుండాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది ఉండేది. ఆ రోజు నా మోచెయ్యి చూడగానే ఆ దూది కూడా తుడుచుకోకుండా మొదలుపెట్టింది.

"అమ్మేయ్ రా ఆ బండిని."

"అమ్మేసి? ఊళ్ళన్నీ కాళ్ళీడ్చుకుంటా తిరగనా?"

"సైకిలు తొక్కు. బతికుంటే చాలు. అసలు దానికొక హారనంటరా? రోజూ సందు మొదట్లో కొడతన్నానంటావు. ఏనాడన్నా నాకు వినపడిందా? గడపలో నిలబడ్డ నాకే వినపడకపోతే ట్రాక్టరోడికేం వినపడుద్ది?"

నిజమే మరి. నేను రోజూ సందు మొదట్లో హారన్ కొట్టేవాణ్ణి, అమ్మ తడిక తీస్తుందని. ఏ రోజూ తీయలేదు. నేనే దిగి, తడిక తీసుకుని, ఆ దిక్కుమాలిన హారన్‌ని తిట్టుకుంటూ బండి లోపలికి తోసుకొచ్చేవాణ్ణి.

"సరే. నీకు వినపడే హారన్ పెట్టిస్తా. మీ మిల్లు గేటు దగ్గరకొచ్చి కొడతా. నీకు వినపడకపోతే ఆ మర్నాడే బండి అమ్మేస్తా. సరేనా?" అన్నాను రోషంగా.

అమ్మ నా మొహం వైపే కాసేపు చూసి, "నీ ఇష్టం" అంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు మాత్రం అదేదో కోపమనుకున్నాను.

గుంటూరు వెళ్ళినప్పుడు బ్రాడీపేటలో స్పేర్‌పార్టుల షాపులో, కార్లకు పెట్టే హారన్ ఒకటి కొన్నాను. నత్తగుల్ల ఆకారంలో ఉంది, నా గుప్పిటకు రెండింతలుంది. షాపతను దాన్ని బ్యాటరీకి తగిలించి ఒక్కసారి మోగించాడు. బయట ఆగి ఉన్న ఆటోలో కూర్చున్న పెద్దావిడ "చచ్చాన్రా బాబూ!" అని ఆటో దిగేసింది. నాకు కావాల్సింది ఇదేనన్నాను.

కొనడం ఒక్క నిమిషం పని. బిగించడానికి పది రోజులు పట్టింది. మా సెంటర్లో మెకానిక్ ఒక పెద్దాయన. ఆయన ఆ హారన్‌ని చేత్తో ఎత్తి బరువు చూసి, నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఎక్కడ పెట్టమంటావ్ అబ్బాయ్? నీ నెత్తి మీదా?" అన్నాడు.

మొదట హెడ్‌లైట్ కింద, పాత హారన్ ఉన్న చోటే ఇరికించాడు. ఊరు దాటగానే బండి గుంటలో పడింది. ముందు చక్రం పైకి లేచి, మడ్‌గార్డు వెళ్ళి హారన్‌కి టంగుమని తగిలింది. రెండో గుంటకి సొట్ట పడింది. మూడో గుంట దాకా ఆగకుండా వెనక్కి తెచ్చేశాను.

రెండోసారి పెట్రోలు ట్యాంకు కింద, ఇంజనుకి పైగా పెట్టాడు. "ఇక్కడ రాయి తగలదు, వాన తగలదు" అన్నాడు. రాయీ తగల్లేదు, వానా తగల్లేదు, ఇంజను వేడి తగిలింది. వైరు మీది తొడుగు కరిగిపోయి, నేను నొక్కకుండానే హారన్ మోగడం మొదలైంది. అదీ ఎక్కడ? సరిగ్గా మా చర్చి ముందు, లోపల పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు. బండి ఆపినా ఆగదు, తాళం తీసినా ఆగదు. జనమంతా కిటికీల్లోకి వచ్చారు. నేను వైరు పట్టుకుని పీకేసరికి వేళ్ళు కాలాయి. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మూడోసారి మెకానిక్ పెద్దాయనకే పౌరుషం వచ్చింది. ఇనప పట్టీ ఒకటి కాల్చి వంచాడు. దానికి బెజ్జాలు పెట్టి, లెగ్‌గార్డుకి లోపలి వైపు బిగించి, మధ్యలో పాత ట్యూబు ముక్క వేసి, హారన్‌ని దాని మీద కూర్చోబెట్టాడు. వైరుని ఇంజనుకి దూరంగా చట్రం వెంట తీసుకెళ్ళాడు. హారన్ నోరు కిందికి తిప్పుతూ, "ఇది నేలచూపు చూస్తా ఉండాల అబ్బాయ్. నోరు పైకుంటే వాన నీళ్ళు తాగి మూగదైపోద్ది" అన్నాడు. నొక్కి చూశాను. ఎదురుగా టీ బంకులో ఒకాయన గ్లాసు వదిలేశాడు. నా ఆనందం చెప్పలేను. ఇక అమ్మ ఏమంటుందో చూద్దామని సాయంత్రం అయిదింటికి సరాసరి మిల్లుకి పోయాను.

షిఫ్టు వదిలారు. ఆడవాళ్ళు గుంపుగా బయటికొస్తున్నారు. ముందు పాతవాళ్ళు ఏడెనిమిదిమంది, వాళ్ళలో మా అమ్మ. వెనక కొత్తగా చేరిన అమ్మాయిలు. గేటు ముందు పత్తి ట్రాక్టర్లు లైను కట్టి ఉన్నాయి. నేను రోడ్డుకి అవతల ఒక చెట్టు పక్కన ఆగి, వాళ్ళు నన్ను దాటి పది గజాలు పోయేదాకా ఊరుకుని, వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాను.

ట్రాక్టరు డ్రైవర్లు ముగ్గురూ ఒక్కసారి తల తిప్పారు. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. కొత్తమ్మాయిలు "అమ్మో!" అంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ముందు నడుస్తున్న ఆ ఏడెనిమిదిమంది మాత్రం తిరగలేదు.

ఒక్కరంటే ఒక్కరు తిరగలేదు. అడుగు కూడా తడబడలేదు. చేతులు తిప్పుకుంటూ, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, నవ్వుకుంటూ పోతున్నారు. నేను మళ్ళీ నొక్కాను. నా చెవులే దిమ్మెక్కిపోయాయి. మా అమ్మ జడకి అంటుకున్న దూది చూస్తూ ఇంకోసారి నొక్కాను. ప్రభువా! ఏం జరుగుతోందో నా బుర్రకి ఎక్కలేదు. వేలు తీయడం కూడా మర్చిపోయాను.

చివరికి కొత్తమ్మాయి ఒకతె పరుగెత్తి అమ్మ చెయ్యి పట్టి లాగి నా వైపు చూపించింది. అమ్మ తిరిగి చూసింది. నన్నూ, బండినీ, అందరూ నా వంక గుడ్లప్పగించి చూడటాన్నీ చూసింది. గబగబా నా దగ్గరికొచ్చి, నవ్వు మొహంతో, "బెమ్మాండంగా ఉందిరా! మిల్లు లోపలిక్కూడా వినపడుద్ది. ఇక ఫర్వాలా" అంది.

మూడుసార్లు నొక్కినా వెనక్కి తిరగని మనిషి అంటున్న మాట ఇది. ఆ క్షణంలో నేను చేసిన పని తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు.

"ఇంకోసారి కొడతా, విను" అన్నాను. బొటనవేలు బటన్ మీద పెట్టాను. నొక్కలేదు.

అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. "అబ్బ, చాల్లే రా! చెవులు పోతన్నయ్" అంది.

ఇంటికెలా వచ్చానో గుర్తులేదు. అమ్మ వెనక కూర్చుంది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోయినా మధ్యమధ్యలో అమ్మ "ఊఁ" అంటూనే ఉంది. ఇదేంటి? దేనికి ఊఁ కొడుతోంది? నా వీపు అటూ ఇటూ కదిలినప్పుడల్లా నేనేదో చెబుతున్నాననుకుని ఊఁ కొడుతోందని అర్థమై, బండి పక్కకి పోబోయింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చికి తీసుకెళ్తూ దారంతా కబుర్లు చెప్పేవాణ్ణి. ఊఁ, ఊఁ అని వింటుంటే మా అమ్మంత ఓపిక ఎవరికుందని గర్వపడేవాణ్ణి.

ఇంట్లో దీపం వేసి, అమ్మను నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "అమ్మా, నేను హారన్ నొక్కలా" అన్నాను.

అమ్మ నా పెదాల వంక చూసింది. నా చిన్నప్పటి నుంచీ అలాగే చూసేది. నేను పేపరు అడ్డం పెట్టుకుని మాట్లాడితే లాగి పారేసేది. "పెద్దోళ్ళతో మొహం చూసి మాట్లాడాల, ఎవరు నేర్పారు నీకీ పొగరు?" అని తిట్టేది. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. కరెంటు పోతే మా ఇంట్లో మాటలుండేవి కావు, అమ్మ ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. చర్చిలో పాట ఎత్తుకోవడంలో అమ్మ ఎప్పుడూ అరమాట వెనకుండేది, పక్కావిడ నోరు చూసి అందుకునేది కాబట్టి. అమ్మ గొంతు పెద్దది. మా ఊళ్ళో ఎవరి గొంతు చిన్నది గనక? ఇరవై ఐదేళ్ళ వెధవని, ఒకే చూరు కింద ఉంటూ ఇంత కనిపెట్టలేకపోయాను.

"ఎవరికీ చెప్పమాక" అంది అమ్మ. అరవకుండా మాట్లాడటం అదే మొదటిసారి, గొంతు ఎంతలో పెట్టాలో తెలియక సగం మాట నోట్లోనే పోయింది. "మేస్త్రీకి తెలిస్తే మిషను దగ్గర నిలబడనీయడు. మా బ్యాచిలో అందరం ఇంతే. ఆ మిషన్ల మోతలో ఎవరి మాట ఎవరికి వినపడుద్ది? చేరిన నాటి నుంచీ నోళ్ళు చూసే మాట్లాడుకుంటాం. వినపడటం ఎప్పుడు ఆగిపోయిందో కూడా చానామందికి తెలవదు. మిషనేదన్నా తేడా చేస్తే దాని మీద చెయ్యేస్తే ఆ అదురే చెప్పుద్ది."

"మరి నేను బండి మీద చెప్పినయ్యన్నీ?"

అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వు బండి మీద మాట్లాడతావా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ ఆపుకుని, అసలు అడగాల్సింది అడిగాను. "ఎప్పటి నుంచమ్మా?"

"నువ్వు ఆరో తరగతిలో ఉండగా తగ్గింది. ఏడులోకొచ్చాక మొత్తం పోయింది."

"అయితే నా గొంతు..."

"నీ గొంతు నాకెందుకు తెలవదురా?" అంది అమ్మ, మొహం విప్పారి. "సన్నగా, ఆడపిల్ల గొంతులాగుంటది. బడిలో పద్యం చెప్పొచ్చి ఇంట్లో మళ్ళీ చెప్పేవాడివి. నువ్వు నోరు కదిపినప్పుడల్లా అదే వినపడుద్ది నాకు."

తొమ్మిదిలో నా గొంతు మారింది. ఊళ్ళో అందరూ ఎగతాళి చేశారు. పొలాల్లో అవతలి గట్టు మీది రైతుని పిలిచి పిలిచి అది ఇంకా మోటుదైపోయింది. అమ్మను విసుక్కున్న మాటలు, అరిచిన అరుపులు, తలుపులు దబదబా బాది తిట్టిన తిట్లు అన్నీ ఆ మోటు గొంతుతోనే. అమ్మకి అవన్నీ పన్నెండేళ్ళ పిల్లాడి గొంతులో వినపడ్డాయి.

తర్వాత అమ్మ చెయ్యి తీసుకున్నాను. మిషను దగ్గర కాయలు కాసిన అరచెయ్యి. దాన్ని నా గొంతు మీద ఆనించి పెట్టుకుని, "అమ్మా" అన్నాను.

అమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. నా మొహంలోకి, ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టు చూసింది. కాసేపటికి తనే చెయ్యి చాపి మళ్ళీ గొంతు మీద పెట్టింది.

"ఇంకోసారి అను" అంది.