గేటుకీపరు అన్న ఏమయ్యాడు

మా నాన్న ఆడవాళ్ళ గౌను అంచు చూసి సంవత్సరం చెప్పేవాడు. బొమ్మల్లో ఆడవాళ్ళ సంగతి లెండి. చర్చిలో పెద్ద, హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైన మనిషి, భూతద్దం పెట్టుకుని దొరసానుల పిక్కలు చూస్తున్నాడని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. నాన్న తలెత్తేవాడు కాదు.

"గౌను మడమల దాకా ఉంటే ముందుది. పిక్క కనపడితే తర్వాతది. ఇందులో నవ్వేదేముందే?" అనేవాడు.

ఆ పుస్తకాలు అమెరికావి. అక్కడి పత్రికల్లో రోజూ నాలుగు గళ్ళలో ఒక బొమ్మల కథ వేసేవారట. ఏడాది పొడుగునా వచ్చినవాటిలో కొన్ని ఏరి, దళసరి అట్ట వేసి పుస్తకంగా అమ్మేవారట. మా నాయనమ్మ గుంటూరులో మిషన్ బంగళాలో ఆయాగా చేసేది. దొరల పిల్లలు చదివి చింపి పారేసినవి కొంగులో చుట్టి తెచ్చి కొడుక్కి ఇచ్చేది. నాన్నకు ఇంగ్లీషు వచ్చింది బళ్ళో కాదు, వాటితోనే. ఉద్యోగం వచ్చాక ఆయనే వెతకడం మొదలుపెట్టాడు. ఆదివారం ఆరాధన అవగానే గుంటూరులో పాత పుస్తకాలవాళ్ళ ముందు గొంతుక్కూర్చునేవాడు. దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన సామాను ఫలానా ఇంట్లో ఉందంటే సైకిలేసుకుని వెళ్ళిపోయేవాడు. ప్రత్తిపాడులో మా పెంకుటింట్లో బీరువా ఉన్నది ఆ పుస్తకాలకే, మా బట్టలకు దండెం చాలు.

వాటిలో నాన్నకు ప్రాణమైన కథ ఒక రైలు గేటుకీపరుది. గేటుకీపరు, అతని పెళ్ళాం, అతని అన్న ఒకే ఇంట్లో ఉంటారు. గేటుకీపరు గేటు వేయడం మరిచిపోతాడు, పెళ్ళాం అప్పడాల కర్రలాంటిది పట్టుకుని తరుముతుంది, అన్న పొద్దస్తమానం మంచం మీద పడుకుని ఇద్దరికీ సలహాలిస్తాడు. అంతే కథ. కానీ కొన్ని పుస్తకాల్లో ఆ అన్న ఉండడు. మంచం కూడా ఉండదు. అతని మాట ఎవరూ ఎత్తరు. ఎక్కడికి పోయాడో, పెళ్ళి చేసుకున్నాడో, చచ్చిపోయాడో తెలియదు. చిన్నప్పుడు నాన్న ఏడిస్తే నాయనమ్మ వెళ్ళి దొరసానిని అడిగిందట. బొమ్మ మనిషి కోసం కూడా ఏడుస్తారా అని దొరసాని నవ్విందట. ఆ బెంగ నాన్నను ముసలితనం దాకా వదల్లేదు.

కాబట్టి పుస్తకాలను వరసలో పెట్టాలి. పెడదామంటే వాటి మీద సంవత్సరం ఉండదు, ఉన్నా నమ్మడానికి లేదు. లోపల ఏ పిల్లో పెన్సిలుతో క్రిస్మస్ కానుక అని రాసి ఏడాది వేసుకుంటుంది. అది పుస్తకం చేతికొచ్చిన ఏడాది, అచ్చయిన ఏడాది కాదు. గడి మూలన చీమ తలంత అంకెలుంటాయి. అది బొమ్మ పత్రికలో వచ్చిన ఏడాది, పుస్తకం ఆ తర్వాత వస్తుంది. వెనక అట్ట మీద అప్పటికి వచ్చిన పుస్తకాల పేర్లు వేస్తారు. ఏ పేరు దాకా ఉందో చూస్తే దేని తర్వాత ఏదో తెలుస్తుంది. అట్టే ఊడిపోతే, మిగిలింది గౌను అంచు. ఇవన్నీ నాన్నకు ఎవరూ చెప్పినవి కావు. ఏళ్ళ తరబడి కుస్తీపట్టి ఆయనే కనిపెట్టుకున్నాడు. చివరికి తేలిందేమంటే, అన్న ఉన్న పుస్తకాలన్నీ ముందువి, లేనివన్నీ తర్వాతవి, మధ్యలో ఒకే ఒక్క పుస్తకం తక్కువ. అన్న ఏమయ్యాడో అందులోనే ఉండాలి.

ఆ ఒక్కటీ చీరాలలో దొరికింది. అక్కడి మిషన్ ఆస్పత్రిలో చేసి రిటైరైన నర్సమ్మ ఒకావిడ చనిపోతే, ఆవిడ మేనకోడలు పిలిచి ఇచ్చింది. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది అది. ఊరంతా తల పట్టుకుని కూర్చుంటే, మా నాన్న మాత్రం పెళ్ళికొడుకులా బస్సు దిగాడు.

అప్పటికే నాన్నకు ఒక కన్ను నీటికాసులతో, అదే గ్లకోమాతో, పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరింది. భూతద్దంతో కూడా అక్షరం ఆనడం లేదు. నన్ను కూర్చోబెట్టి మొదటి పేజీ ఒక్కటే తీయనిచ్చాడు.

"గౌను ఎక్కడిదాకా ఉంది?"

"మడమ పైకి, నాన్నా. పిక్క దాకా రాలేదు."

"అన్న ఉన్నాడా?"

"ఉన్నాడు. మంచం మీదే."

నా చేతిలోంచి పుస్తకం లాగేసుకున్నాడు. మిగతాది నేను చదివి చెబుతానన్నాను. ససేమిరా అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"అన్న లేనివి ముందు చదివా, ఉన్నవి తర్వాత చదివా. బతుకంతా తిరగామరగా చదివానమ్మా. ఒక్కసారి మొదట్నించీ వరసగా చదువుతా. నా కళ్ళతోనే చదువుతా."

గుంటూరు కంటి డాక్టరు గారు ఆశ పెట్టీ పెట్టనట్టు చెప్పారు. శుక్లం తీస్తే చూపు వస్తుంది. కానీ నీటికాసులు ఈ కంటికీ ఉన్నాయి, ఆ వచ్చిన చూపు ఎంతకాలం ఉంటుందో చెప్పలేను, ఈలోపు కంటికి శ్రమ ఇవ్వొద్దు అన్నారు. నాన్న విన్నాడా అంటే, వినలేదు. ఎప్పుడు చూసినా పుస్తకం ముక్కుకు ఆనించుకుని, కంట్లోంచి నీళ్ళు కారుతుంటే పేజీలు తడుముతూ ఉండేవాడు. పైగా పుస్తకాల్లో పురుగు పడింది, ఇంటి కప్పు మీద పెంకులు జారి వాన లోపలికొస్తోంది.

మా ఆయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. మామగారంటే ఆయనకు మహా గౌరవం. ఆయనే అన్నారు, "ఆపరేషన్ అయ్యేదాకా పుస్తకాలు మా స్టోరేజీలో పెడదాం. చెద రాదు, ఎలక రాదు, మావయ్యగారూ రారు. ఏడాది తర్వాత తీసినా కాయ రంగు పోదు, పుస్తకం రంగు పోతుందా?"

అందరికీ నచ్చింది. నాన్నకైతే మరీ నచ్చింది. వరసలో పెట్టి, మొదటిది పైన, చివరిది కింద ఉండేట్టు తనే కట్ట కట్టి అల్లుడి చేతికిచ్చాడు. "వరస చెదరనీయకండి బాబూ" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మా ప్రాంతంలో ఎండుమిరపకాయ టిక్కీల్లో, అంటే గోతాల్లో, తొక్కే ముందు నీళ్ళు చిలకరిస్తారు. మరీ ఎండిన కాయ తొక్కితే విరిగి గింజ రాలుతుంది, విరిగిన కాయకు రేటు రాదు. పసిపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. మా ఆయన కట్ట విప్పకుండానే అంచు పట్టుకుని చూశారట. పాత కాగితం కదా, వేలికి తగలగానే పొడిపొడిగా రాలిందట. అయ్యో, కాయ గలగలలాడుతోందే, ఇలా కడితే మిగలదు అనుకున్నారు. గోతం మీద నీళ్ళు చల్లి, కట్టను అందులో చుట్టి, మూతి కుట్టి, మిరప టిక్కీల మధ్య పెట్టించారు. ఒకటికి రెండుసార్లు చల్లారు. ప్రేమ కదా.

ఆపరేషన్ బాగా జరిగింది. పుండు మాని, సోడాబుడ్డి అద్దాలు వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. మొదటిరోజు నాన్న గోడ మీద బల్లిని చూసి నవ్వాడు. అమ్మ మొహం చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, పుస్తకాలు తెప్పించమన్నాడు.

మా ఆయన గోతం భుజాన పెట్టుకుని వచ్చారు. వరండాలో కుట్టు కోశారు. మిరపకాయ ఘాటు, బూజు వాసన కలిసి గుప్పుమన్నాయి. లోపల పుస్తకాలు లేవు. చెమ్మకు అంటుకుపోయిన అప్పడాల కట్టలాంటిది ఒకటి ఉంది. అట్టల ఎర్రరంగు పేజీల్లోకి దిగింది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియకుండా అన్నీ ఒకే ముద్ద. వరస మాత్రం చెదరలేదు.

మా ఆయన మొహం చూడలేకపోయాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అందరికీ తెలుసు. ఆ రోజు అది ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన చేసింది తప్పని ఎలా అనను? ఆ నీళ్ళు చల్లేటప్పుడు నేను పక్కనుంటే, ఇంకాస్త చల్లండి అనేదాన్నేమో.

"నీళ్ళు చల్లారా?" అని నాన్నే అడిగాడు.

"చల్లానండి మావయ్యగారూ. విరుగుతాయని."

"చల్లకపోతే విరుగుతాయి. ఎవరైనా అంతే చేస్తారు బాబూ."

తర్వాత రోజుల్లో చేయనిది లేదు. ఆవిరి పట్టాం. నీడన ఆరబెట్టాం. సైకిలు పుల్లను సానబట్టి పేజీల మధ్యకు తోశాం. ఆ చీరాల పుస్తకం కోసం నేనొక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పేజీ వస్తుంది, బొమ్మ రాదు, బొమ్మ అవతలి పేజీకి అంటుకుపోతుంది. ఒకచోట మంచం కోడు కనిపించింది. దాని మీద మనిషి ఉన్నాడో లేడో, అక్కడ కాగితమే లేదు. నాన్నను పిలవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాన్న అవతలి గదిలో కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, మడత విప్పని పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మూడు వారాల తర్వాత చెకప్‌కి గుంటూరు వెళ్ళాం. మా ఆయన బయట బెంచీ మీదే ఉండిపోయారు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. డాక్టరు గారు గోడకు తగిలించిన అక్షరాల అట్ట చదవమన్నారు. నాన్న పెద్ద అక్షరాల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరసా దిగుతూ, అన్నిటికంటే కింద, నాకే ఆనని వరస దాకా తడుముకోకుండా చదివేశాడు.

డాక్టరు గారు సంతోషపడ్డారు. భుజం తట్టి, "భేష్ మాస్టారూ. ఈ చూపు ఉన్నన్నాళ్ళూ కడుపునిండా చదువుకోండి" అన్నారు.

"అలాగేనండి" అన్నాడు నాన్న.