గడ్డకట్టిన సూదిమందు

పంకజాక్షి ఒక చోట కుదురుగా కూర్చోగలిగే మనిషి కాదు. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా మొదటి బల్ల దగ్గర నిలబడి తోతాపురి కాయలు కోసి టెంకలు తీస్తోంది. ఆ బల్ల దగ్గర చోటు అందరికీ దొరకదు. సీజన్లో చెప్పకుండా ఒక్క పూట మానేస్తే అది ఇంకొకరిదైపోతుంది.

నిరుడు దీపావళి తర్వాత వాకిట్లో జారి చెయ్యి ఆనించిందో లేదో, మణికట్టు విరిగింది. తిరుపతి డాక్టరు ఎముకలు గుల్లబారాయని చెప్పి, ఆరు నెలలకొక సూది రాశాడు. మొదటిది వేశారు. రెండోది ముందే కొనిపించి, చల్లగా ఉంచి తేదీకి మీ ఊళ్లోనే వేయించుకోమన్నారు. ఇంట్లో ఫ్రిజ్జు లేదు. సూపర్‌వైజరు ఢిల్లీబాబును అడిగింది.

"నా కాడ పెట్టక్కా. మన గుజ్జే రెండేండ్లు చెడిపోకుండా ఉండాది, నీ సూది చెడిపోతాదా?" అని నవ్వి అతను దాన్ని ఫ్రీజరు గదిలో పెట్టాడు.

తేదీ వచ్చేసరికి కాయ దిగి ఫ్యాక్టరీలో సీజను మొదలైంది. రేపు, ఎల్లుండి అంటూ ఇరవై ఆరు రోజులు గడిచాయి. ఈ రోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే, తినకుండా సూది తీసుకుని క్లినిక్కుకు పరుగెత్తింది.

నర్సు స్టెల్లా పెట్టె విప్పి చూసింది. "యాడ పెట్టినావమ్మా దీన్ని?"

"ఫ్రీజర్లో. బాగా సల్లగా ఉండే సోట."

"గడ్డకట్టిందంటే ఇంక పనికిరాదు. కరిగినా అంతే."

"పోనీలే పాపా, సీజనైనాక కొత్తది తెచ్చుకుంటా. నొప్పి కూడా లేదు."

"కూర్చో, చెప్తా."

"కూసోలేను, సెప్పు."

"ఎముకలో కట్టే కణాలుంటాయి, తినే కణాలుంటాయి. కట్టేవే ఒక సంకేతం పంపి తినేవాటిని లేపతాయి. ఈ మందు ఆ సంకేతాన్ని దారిలోనే పట్టేస్తాది. మందు తీరిపోతే, అణిగి ఉండేవన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ముందుకంటే ఎక్కువ తింటాయి. వెన్నుపూసలు రెండు మూడు నలిగిపోయినా నలిగిపోతాయి. మొదటి సూది నుంచి ఏడో నెల దాటనీకూడదమ్మా. నాలుగు రోజులే ఉండాయి."

స్టెల్లా ఫోన్లు చేసింది. చిత్తూరులో ఒక మందుల షాపులో ఒకే ఒక్కటి ఉంది. నాలుగింటి దాకా ఉంచుతారట, ఆ తర్వాత ఇంకొకరికి. మళ్లీ ఎప్పుడు తెప్పిస్తారో వాళ్లకే తెలియదు.

పంకజాక్షి రోడ్డు మీదికి వచ్చింది. ఫ్యాక్టరీ వైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. రెండు గంటల బెల్లు వినిపించింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి చిత్తూరు బస్సెక్కింది.

బస్సులోనూ సీటు అంచునే కూర్చుంది. ప్రతి కుదుపుకూ వీపు తడుముకుంది. ఫోను మోగింది.

"అక్కా, యాడుండావ్? మేనేజరు నీ బల్ల సూసినాడు," అన్నాడు ఢిల్లీబాబు.

"చిత్తూరు బస్సులో. నీ ఫ్రీజరు నా సూదిని గుజ్జు సేసినాది లే."

"అయ్యో! నాకేం తెలుసక్కా... మేనేజరు, తొట్టి కాడుండే మోహనను నీ బల్ల కాడ నిలబెట్టమంటా ఉండాడు. రేపట్నించి నువ్వు కాయలు కడిగే తొట్టి కాడ అంట. ఏం సెప్పమంటావ్?"

కిటికీ బయట కాయల ట్రాక్టర్లు వరసగా ఫ్యాక్టరీకే పోతున్నాయి.

"నిలబెట్టబ్బా. నా కత్తి మాత్రం ఇయ్యొద్దు."

నాలుగింటికి ఆరు నిమిషాలుండగా, చిత్తూరులో ఆ షాపు పక్క క్లినిక్కులోనే సూది పడింది. మరునాడు పొద్దున మోచేతుల దాకా నీళ్లలో ముంచి కాయలు కడుగుతూ, మొదటి బల్ల వైపు ఎన్నిసార్లు తిరిగి చూసిందో పంకజాక్షికే తెలియదు.